ఫోన్ ఒకరిది, జబ్బు ఒకరిది: కర్నూలులో ఒక నరాల క్లినిక్ వెబ్‌సైట్ కేసు

కర్నూలులో చిన్న ఆసుపత్రులకు, దుకాణాలకు వెబ్‌సైట్లు, ఆన్‌లైన్ ప్రకటనల ఖాతాలు చూసిపెట్టడం నా పని. ఈ కేసు ఒక నరాల డాక్టరు గారి క్లినిక్‌ది. ఆయన ఒప్పుకున్నారు, ఆ కుటుంబమూ ఒప్పుకుంది కాబట్టి రాస్తున్నాను. క్లినిక్ ఏదో, కుటుంబం ఏ ఊరిదో, ప్రకటనలు నడిపిన ఏజెన్సీ ఎవరో తెలిసే వివరాలు తీసేశాను. కేసు దారి తప్పకుండా కొన్ని చిన్న సంగతులు మార్చాను. సాంకేతిక వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను, ఎందుకంటే ఇదే అమరిక మన వైపు ఇంకా చాలా క్లినిక్‌ల సైట్లలో నా కంటబడుతోంది.

నేపథ్యం

కర్నూలుకు వైద్యానికి వచ్చేవాళ్లు ఒక్క ఈ జిల్లా వాళ్లే కాదు. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండల నుంచి వస్తారు. ఆత్మకూరు, నంద్యాల వైపు వాళ్లు వస్తారు. తుంగభద్ర దాటి అలంపూర్, గద్వాల వాళ్లు, అటు రాయచూరు వాళ్లు కూడా వస్తారు. తెల్లారుజామున బస్సెక్కి వచ్చి టోకెన్ దొరక్క వెనక్కి పోతే ఒక రోజు కూలి, ఇద్దరి ఛార్జీలు పోయినట్టే. ఇంటి దగ్గరే టోకెన్ రాయించుకునే వీలుండాలని డాక్టర్ గారు వెబ్‌సైట్ పెట్టించారు. ఆ ఉద్దేశం మంచిది. ఈ కేసులో ఎవరూ చెడు తలపెట్టలేదని మొదటే చెప్పాలి.

సైట్‌లో రెండు భాగాలు. ఒకటి, డాక్టర్ గారు స్వయంగా తెలుగులో రాసిన వ్యాసాలు: ఫిట్స్ వచ్చినప్పుడు ఏం చేయాలి, చేతిలో తాళాలు పెట్టడం ఎందుకు పనికిరాదు, పక్షవాతానికి మొదటి గంటలు ఎందుకు ముఖ్యం, ఇట్లాంటివి. నిజంగా మంచి వ్యాసాలు. రెండోది టోకెన్ ఫారం: పేరు, ఫోన్ నంబరు, ఊరు, 'మీ సమస్య' అనే జాబితా. ఆ జాబితాలో ఫిట్స్, పక్షవాతం, తలనొప్పి, వణుకు, మతిమరుపు అని ఉండేవి.

సైట్ కట్టింది, ప్రకటనలు నడిపింది వేరే నగరంలోని ఒక ఏజెన్సీ. నెలకోసారి ఒక కాగితం పంపేది: ఈ నెల ఇన్ని లీడ్లు (ఫారం నింపినవాళ్లు), ఒక్కో లీడ్‌కు ఇంత ఖర్చు. డాక్టర్ గారు చూసింది ఆ కాగితం ఒక్కటే. ప్రకటనల ఖాతా ఏజెన్సీ పేరుమీదే ఉండేది, దాంట్లోకి పోయి చూసే తాళం క్లినిక్‌లో ఎవరి దగ్గరా లేదు.

వచ్చిన సమస్య

ఒకరోజు ఒక తండ్రి ఓపీ మధ్యలో వచ్చి రిసెప్షన్ దగ్గర గట్టిగా అడిగాడు: "మా పాప సంగతి ఎవురికి చెప్పినారు మీరు? మిమ్మల్ని నమ్మి చెప్పుకుంటిమి కదా!"

ఆయన కూతురికి చిన్నప్పటి నుంచి ఫిట్స్. ఇప్పుడు ఇరవై దాటిన అమ్మాయి. మాత్రలు సరిగ్గా వేసుకుంటోంది, చాలాకాలంగా ఒక్కసారి కూడా రాలేదు. ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయి. ఆయన టోకెన్ కోసం కొడుకు ఫోన్ తీసుకుని ఫారం నింపాడు. సమస్య దగ్గర 'ఫిట్స్' ఎంచుకున్నాడు, కొడుకు నంబరు ఇచ్చాడు. ఆ తర్వాత కొడుకు ఫోన్‌లో రీల్స్ మధ్య ఫిట్స్ ప్రకటనలు మొదలయ్యాయి. కొన్ని ఈ క్లినిక్‌వే. మరికొన్ని 'ఫిట్స్‌ను మూడు నెలల్లో మాయం చేస్తాం' అనే పొడుల, కషాయాల ప్రకటనలు. మాటలు నడుస్తున్న వైపు బంధువొకామె ఇంటికి వచ్చి, ఆ ఫోన్‌లో రీల్స్ చూస్తూ, "ఇంట్లో ఎవురికమ్మా ఫిట్స్?" అని అడిగింది.

పెళ్లి మాటల్లో ఈ జబ్బు ఎంత బరువో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. హిందూ వివాహ చట్టంలో మూర్ఛరోగం వివాహానికి అడ్డుగా ఉండేది, దాన్ని 1999 సవరణతో తీసేశారు. చట్టం తీసేసింది గాని ఊర్లు ఇంకా తీసేయలేదు.

డాక్టర్ గారు మొదట అనుమానించింది రిసెప్షన్‌లో ఉండే అమ్మాయిని. ఆమె ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది: "అన్నా, నేను ఎవురికీ చెప్పలేదన్నా. సైట్‌లో ఏమన్నా ఉందేమో చూడన్నా." ఈ పనిలోకి నేను వచ్చింది అట్లా.

మొదటి ప్రశ్న: మనిషా, కోడా?

ముందు తేల్చాల్సింది సంగతి మనిషి నోటి నుంచి బయటికి పోయిందా, సైట్ నుంచి పోయిందా అని. మనిషి చెప్పి ఉంటే మాట పేరుతో తిరుగుతుంది: 'ఫలానా వాళ్ల పాపకు' అంటారు. ఇక్కడ పేరు ఎక్కడా లేదు. బంధువు అడిగింది కూడా 'ఎవరికి' అనే. అంటే ఆమెకు తెలిసింది ఈ ఇంటికీ ఆ జబ్బుకూ ఏదో సంబంధం ఉందని మాత్రమే. అది యంత్రం చేసే పని తీరు. అందుకే రిసెప్షన్ అమ్మాయిని ప్రశ్నించడం ఆపమని డాక్టర్ గారిని కోరాను, సైట్ చూసేదాకా ఎవరినీ ఏమీ అనొద్దన్నాను.

రెండు వైపుల నుంచి చూశాను. ఒకటి, ఆ ఫోన్ వైపు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వాడేవాళ్లకు అకౌంట్స్ సెంటర్‌లో, ఆ యాప్‌ల బయట మనం చేసిన పనుల గురించి ఏ ఏ సైట్లు సమాచారం పంపాయో చూపే పేజీ ఒకటి ఉంటుంది. గూగుల్‌కు మై యాడ్ సెంటర్ ఉంది. కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, అతని చేతే ఒక్కొక్కటీ తెరిపించాను. నేను ఫోన్ ముట్టుకోలేదు. ఇప్పటికే ఒకసారి వాళ్ల గుట్టు బయటపడింది, ఇంకొకరి చేతికి ఫోన్ ఇవ్వాల్సి రావడం వాళ్లకు మళ్లీ అదే బాధ. సైట్ల జాబితాలో క్లినిక్ పేరు కనబడింది.

రెండోది, సైట్ వైపు. లాప్‌టాప్‌లో బ్రౌజర్ డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ అనే భాగం చూస్తూ, నా సొంత నంబరుతో ఫారం నింపాను. ఏ బటన్ నొక్కినప్పుడు ఏ సర్వర్‌కు ఏం పోతోందో అక్కడ వరసగా కనబడుతుంది. ఇది ఎవరైనా చేయగలిగిన పరీక్ష, దీనికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు.

కనబడింది ఇది. ఫారం పంపగానే వచ్చే 'ధన్యవాదాలు' పేజీ చిరునామాలోనే, ఎంచుకున్న సమస్య పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. సైట్‌లో ఉన్న ప్రకటనల పిక్సెల్, అంటే ఎవరు వచ్చి ఏం చేశారో ప్రకటనల సంస్థకు చెప్పే చిన్న కోడ్, ఆ పూర్తి చిరునామాను తన సంస్థ సర్వర్‌కు పంపుతోంది. దాంతో పాటు 64 అక్షరాల ఒక పొడుగాటి గుర్తును పంపుతోంది. అది ఫారంలో ఇచ్చిన ఫోన్ నంబరును షా-256 అనే పద్ధతిలో మార్చిన హాష్, అంటే నంబరు నేరుగా కనబడకుండా లెక్క కట్టి చేసిన గుర్తు. ఒకే నంబరుకు ఎప్పుడూ ఒకే హాష్ వస్తుంది. నొక్కిన బటన్ మీది అక్షరాలు, పేజీ పేరు కూడా పోతున్నాయి.

హాష్ గురించి కాస్త నిలబడి చెప్పాలి

ఏజెన్సీతో ఫోన్‌లో మాట్లాడినప్పుడు వాళ్లు మొదట అన్న మాట: "నంబరు పోవడం లేదు సార్, హాష్ పోతుంది. దాన్ని ఎవరూ చదవలేరు." వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే అట్లా నమ్ముతున్నారు. చాలామంది నమ్ముతారు.

మన దేశంలో మొబైల్ నంబరు పది అంకెలు. మొదటి అంకె 6, 7, 8, 9లో ఒకటి. అంటే ఉండగలిగిన నంబర్లు మొత్తం 400 కోట్లు. వినడానికి పెద్ద సంఖ్య, కానీ మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటరు ఆ నంబర్లన్నిటికీ హాష్‌లు కట్టి, మన చేతిలో ఉన్నదానితో పోల్చి చూడడం నిమిషాల పని. అసలు ప్రకటనల సంస్థకు ఆ శ్రమ కూడా అక్కర్లేదు. ఖాతా తెరిచినప్పుడు మనం ఇచ్చిన నంబరు వాళ్ల దగ్గర ఉండనే ఉంది. దాని హాష్‌ను, సైట్ నుంచి వచ్చిన హాష్‌ను పక్కపక్కన పెడితే రెండూ ఒకటే. ఈ పద్ధతి ఉన్నదే మనిషిని గుర్తుపట్టి జత కలపడానికి. హాష్ చేసినంత మాత్రాన సమాచారం ఎవరిదో తెలియకుండా పోదని అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సాంకేతిక విభాగం 2024లో ప్రత్యేకంగా రాసింది కూడా.

ఈ కేసులో దారి అక్కడే స్పష్టమైంది. ఫారంలో తండ్రి ఇచ్చింది కొడుకు నంబరు. ఆ నంబరుతోనే కొడుకు ఖాతా ఉంది. చిరునామాలో ఫిట్స్ అని ఉంది. మూడూ కలిసేసరికి కొడుకు ఫిట్స్ మనిషి అయిపోయాడు.

ఒక ఫోన్ అంటే ఒక మనిషి అనే లెక్క మీదే ఈ వ్యాపారమంతా కట్టారు. మన ఇళ్లలో ఫోన్ అట్లా ఉండదు. అమ్మకు టోకెన్ కొడుకు ఫోన్‌లో రాయిస్తారు, కోడలి రిపోర్టు మామ ఫోన్‌కు వస్తుంది, సాయంత్రం అదే ఫోన్ పిల్లల చేతిలో, చుట్టాల చేతిలో తిరుగుతుంది. ఎవరి జబ్బో ఎవరి తెర మీదికో వస్తుంది, దాన్ని చూసేది ఇంకెవరో.

చేసి చూసినవి, పనికిరానివి

ఏజెన్సీ ముందు పెట్టిన మందు కుకీ బ్యానర్. సైట్ తెరవగానే 'మేము కుకీలు వాడుతున్నాము, అంగీకరిస్తారా' అని అడిగే పలక. కుకీలంటే సైట్ మన బ్రౌజర్‌లో పెట్టే చిన్న గుర్తులు. నేను వద్దనలేదు, పెట్టి చూద్దామన్నాను. పెట్టాక మళ్లీ నెట్‌వర్క్ భాగం తెరిచి చూస్తే, ఎవరూ ఏమీ నొక్కకముందే పిక్సెల్ పని మొదలుపెట్టేసింది. బ్యానర్ ఒకవైపు అడుగుతోంది, కోడ్ ఇంకోవైపు పంపుతోంది. ఇట్లాంటి కోడ్ ఎప్పుడు నడవాలో చెప్పే ట్యాగ్ మేనేజర్‌లో వరస మార్పించాం, నొక్కాకే పిక్సెల్ లేచేటట్టు చేశాం. పలక మీది ఇంగ్లీషు తీసి తెలుగు రాయించాం. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా నోటీసును ఇంగ్లీషులోనో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలు ఇవ్వాలంటోంది.

తర్వాత రిసెప్షన్ పక్కన కూర్చుని, వచ్చినవాళ్లు ఆ పలకను ఏం చేస్తున్నారో చూశాను. అందరూ 'సరే' నొక్కుతున్నారు. చదివి కాదు, తెరకు అడ్డంగా ఉందని. ఒక పెద్దాయన, "ఇది పోతే గదా నాయనా టోకెన్ కనపడేది" అన్నారు. చట్టం అడిగేది స్వేచ్ఛగా, తెలిసి, స్పష్టంగా ఇచ్చిన సమ్మతిని. ఇది అది కాదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది: 'సరే' నొక్కింది ఫోన్ పట్టుకున్న మనిషి, జబ్బు పక్కన కూర్చున్న మనిషిది. తండ్రి ఇచ్చిన సమ్మతి ఇరవై దాటిన కూతురి సమ్మతి ఎట్లా అవుతుంది? బ్యానర్‌ను ఎంత చక్కగా రాసినా ఈ ప్రశ్నకు జవాబు రాదు. అందుకే ఆ దారి వదిలేశాం.

రెండో ప్రయత్నం, పిక్సెల్‌ను ఉంచి, అది పంపేదాన్ని తగ్గించడం. ఫోన్ నంబరు హాష్ పంపే అమరికను ఆపించాం. చిరునామాలో ఫిట్స్ బదులు ఒక అంకె పెట్టించాం. నాకు కొంత ఆశ ఉండింది. కానీ వ్యాసాల పేజీలున్నాయి కదా. 'ఫిట్స్ వచ్చినప్పుడు ఏం చేయాలి' అనే పేజీ చిరునామా, శీర్షిక రెండూ జబ్బు పేరు చెబుతాయి, చెప్పాలి కూడా. ఆ పేరుతోనే జనం గూగుల్‌లో వెతికి ఆ పేజీకి చేరతారు. వాటిని అంకెలు చేస్తే వ్యాసం రాసినందుకు ఫలమేముంది? ఇక సైట్ పేరే నరాల వైద్యమని చెబుతోంది. మొత్తం దాచాలంటే సైట్‌నే దాచాలి.

ఇంకొకటి ఏజెన్సీ స్వయంగా చేసింది: క్లినిక్ సైట్ చూసి వెళ్లినవాళ్లకు మళ్లీ అదే క్లినిక్ ప్రకటన చూపే రీటార్గెటింగ్‌ను ఆపింది. క్లినిక్ ప్రకటనలు ఆ ఇంట్లో ఆగాయి, కషాయాల ప్రకటనలు ఆగలేదు.

నియమాలు లేక ఇదంతా జరగలేదు. ఆరోగ్య సమస్యలను బట్టి మనుషులకు ప్రకటనలు గురిపెట్టకూడదని గూగుల్ నియమాల్లో ఉంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల సంస్థ మెటా కూడా ఆరోగ్యానికి సంబంధించిన గురి ఎంపికలను 2022 జనవరిలో తీసేసింది. ఆరోగ్య సమాచారం తమకు పంపకూడదని సైట్లకు చెబుతుంది. నియమం కాగితం మీద ఉంటుంది, సైట్‌లో అతికించిన కోడ్ మాత్రం చిరునామాలో ఏముంటే అది పంపేస్తుంది. ఇది కర్నూలు లాంటి ఊర్లలో చిన్న క్లినిక్‌ల అమాయకత్వం వల్ల మాత్రమే జరుగుతోందనుకోవద్దు. 2022 జూన్‌లో ది మార్కప్ అనే వార్తాసంస్థ అమెరికాలోని మేటి 100 ఆసుపత్రుల సైట్లు పరిశీలిస్తే, 33 సైట్లలో మెటా పిక్సెల్ అపాయింట్‌మెంట్ వివరాలు పంపుతూ దొరికింది. మరుసటి ఏడాది అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, వాడుకరుల ఆరోగ్య సమాచారాన్ని ప్రకటనల సంస్థలకు ఇచ్చినందుకు, మందుల తగ్గింపు ధరలు చూపే గుడ్‌ఆర్‌ఎక్స్ మీద 15 లక్షల డాలర్ల జరిమానా వేయించింది, ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ఇచ్చే బెటర్‌హెల్ప్ చేత 78 లక్షల డాలర్లు కట్టించింది.

మలుపు

పిక్సెల్ పూర్తిగా తీసేద్దామని నేను చెప్పినప్పుడు డాక్టర్ గారు వెంటనే ఒప్పుకోలేదు. ఆయన భయం అర్థం చేసుకోదగ్గది: కొత్త క్లినిక్, అప్పు మీద కొన్న, మెదడు తరంగాలు చూసే ఈఈజీ యంత్రం, ప్రకటనలు ఆగితే రోగులు తగ్గుతారేమో. చట్టం చెప్పాను. ఏజెన్సీ చేసినా బాధ్యత క్లినిక్‌దేనని, డేటా ఎందుకు, ఎట్లా వాడాలో నిర్ణయించేవాళ్లే జవాబుదారులని 2023 చట్టం అంటోందని, భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చని చెప్పాను. 2025 నవంబరులో నియమాలు వచ్చాయని, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారని కూడా చెప్పాను. ఆయన విన్నారు, గడువుంది కదా అన్నారు.

ఆయనను కదిలించింది వేరే సంగతి. ఆ కుటుంబాన్ని పిలిపించి మాట్లాడినప్పుడు తల్లి సంచిలోంచి ఒక డబ్బా తీసింది. కొడుకు ఫోన్‌లో ప్రకటన చూసి తెప్పించిన పొడి. ఇది వేసుకుంటే ఇంగ్లీషు మాత్రలు మానేయొచ్చని ప్రకటనలో చెప్పారట. మానేయిద్దామా అని అడగడానికే తెచ్చింది. డాక్టర్ గారి ముఖం మారిపోయింది. ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఫిట్స్, మూర్ఛలను నయం చేస్తామని మందులను ప్రకటించడాన్నే 1954 డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. ఆ షెడ్యూలులో ఈ రెండు పేర్లూ ఉన్నాయి. అయినా ఆ ప్రకటన ఇంట్లోకి వచ్చింది. దాన్ని సరిగ్గా ఆ ఇంటికే చేర్చిన అనేక గుర్తుల్లో మన సైట్ పంపింది కూడా ఒకటి అయ్యుండవచ్చన్న ఆలోచనను ఆయన భరించలేకపోయారు.

అప్పటిదాకా అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్ల నాన్న పెళ్లి మాటల గురించి చెబుతుంటే మధ్యలో అంది: "వాళ్లకు చెప్పాల్నా వద్దా, ఎప్పుడు చెప్పాల అనేది నేను కదా నాయనా తేల్చుకోవాల్సింది. నేను చెప్దామనే ఉంటి. నాకంటే ముందు ఫోన్ చెప్పేసె."

డాక్టర్ గారు ఆమెకు క్షమాపణ చెప్పారు. నాన్నకు కాదు, ఆమెకు. ఆ తర్వాత నాతో అన్నారు: "తీసేయండి. ఒక్కటి కూడా ఉంచొద్దు."

పనిచేసినది

తీసేయడం పిక్సెల్‌తో ఆగలేదు. రీటార్గెటింగ్ కోసమే ఉండే గూగుల్ రీమార్కెటింగ్ ట్యాగ్ తీశాం. సందర్శకులు తెర మీద ఏం చేస్తున్నారో రికార్డు చేసే ఒక స్క్రిప్ట్ ఉండింది, తీశాం. పేజీలో పొదిగిన మ్యాప్, వీడియోలు కూడా బయటి సర్వర్లను పలకరిస్తాయి కాబట్టి వాటి స్థానంలో మామూలు బొమ్మలు, లింకులు పెట్టాం. కావాలనుకున్నవాళ్లు నొక్కితేనే బయటికి పోతారు. కొన్ని పేజీల్లో ఉంచి కొన్నింట్లో తీసే ఆలోచనను నేను ఒప్పుకోలేదు. ఏ పేజీలో ఏముందో గుర్తుపెట్టుకోవాల్సిన అమరిక, మనుషులు మారగానే చెడిపోతుంది. ఏదీ లేదనే అమరికను ఎవరైనా ఒక్క చూపుతో తనిఖీ చేయొచ్చు.

మళ్లీ ఎవరూ పొరపాటున అతికించకుండా సర్వర్‌లో కంటెంట్ సెక్యూరిటీ పాలసీ పెట్టాం. సొంత సైట్ తప్ప బయటి నుంచి ఏ స్క్రిప్టూ నడవకూడదని బ్రౌజర్‌కు చెప్పే ఆజ్ఞ అది. అది పనికొచ్చింది: కొన్నాళ్లకు ఏజెన్సీలో కొత్తగా చేరిన ఒకతను అలవాటుగా పాత ట్యాగ్‌ను మళ్లీ పెట్టాడు, బ్రౌజర్ దాన్ని అడ్డుకుంది, మాకు తెలిసింది.

ఫారంలో 'మీ సమస్య' జాబితా తీసేశాం. టోకెన్ ఇవ్వడానికి జబ్బు పేరు అవసరమా అని రిసెప్షన్‌లో అడిగితే, "ఎట్లాగూ వచ్చినాక మళ్లీ అడుగుతాం" అన్నారు. అంటే ఇన్నాళ్లూ ఎవరికీ పనికిరాని ప్రశ్న అడుగుతూ వచ్చాం. దాని ఉపయోగం ఏజెన్సీ కాగితానికి మాత్రమే. వాట్సాప్ బటన్ నొక్కితే 'నాకు ఫిట్స్ సమస్య ఉంది' అని ముందే రాసిపెట్టిన సందేశం వచ్చేది, దాన్ని 'టోకెన్ కావాలి' అని మార్చాం. ముందురోజు గుర్తుచేసే ఎస్సెమ్మెస్‌లో ఈఈజీ అనే మాట ఉండేది. తాళం వేసి ఉన్న ఫోన్ తెర మీద కూడా అది కనబడుతుంది. తేదీ, సమయం, క్లినిక్ ఫోన్ నంబరు మాత్రం ఉంచాం.

అన్నిటికంటే బరువైనది చివర్లో బయటపడింది. ప్రకటనల ఖాతాను క్లినిక్ పేరుమీదికి మార్చమని అడిగినప్పుడు, దాంట్లో ఒక జాబితా కనబడింది: ఏడాది రోగుల ఫోన్ నంబర్లన్నీ ఎక్కించిన కస్టమ్ ఆడియన్స్. దాన్ని ఆధారం చేసుకుని 'వీళ్లలాంటి మనుషులను వెతుకు' అనే లుక్‌అలైక్ ఆడియన్స్. ఎవరు ఎక్కించారంటే, రిసెప్షన్ నుంచి ఎక్సెల్ షీటు అడిగి తీసుకున్నారు. అడిగినవాళ్లకు ఇది రోజూ చేసే పని, ఇచ్చినవాళ్లకు ఎందుకడిగారో తెలియదు. టోకెన్ కోసం నంబరు ఇచ్చిన మనిషి ప్రకటనల కోసం ఇవ్వలేదు. రెండు జాబితాలూ చెరిపించాం. ఏజెన్సీ దగ్గర, వాళ్ల ఉద్యోగుల మెయిళ్లలో ఉన్న షీట్లు కూడా చెరిపేశామని రాతపూర్వకంగా తీసుకున్నాం. వైద్య వివరాలు 2011 ఐటీ నియమాల్లోనే సున్నితమైన సమాచారం కిందికి వస్తాయి, ఇది కొత్తగా పుట్టిన పట్టింపు కాదు.

ఇక డాక్టర్ గారి అసలు భయం: రోగులు ఎట్లా వస్తారు? ఏజెన్సీ మాటల్లో, పిక్సెల్ లేకపోతే ప్రకటన గుడ్డిదవుతుంది. అది పూర్తిగా తప్పు మాట కాదు. పిక్సెల్ ఉంటే ఏ ప్రకటన చూసినవాళ్లు ఫారం నింపారో తెలుస్తుంది. కానీ క్లినిక్‌కు కావాల్సింది ఫారాలు కాదు, మనుషులు. అందుకని రిసెప్షన్‌లో ఒక మామూలు రిజిస్టరు పెట్టాం. కొత్తగా వచ్చినవాళ్లను, "మా గురించి ఎట్లా తెలిసింది?" అని అడిగి, ఆ వరసలో ఒక గీత గీయడం. పేరు లేదు, నంబరు లేదు, జబ్బు లేదు. రెండు నెలలకు చూస్తే ఎక్కువ గీతలు పాత రోగులు, ఊర్లలోని ఆర్‌ఎంపీలు, మెడికల్ షాపుల దగ్గర పడ్డాయి. గూగుల్‌లో వెతికి వచ్చామన్నవాళ్లు వాటి తర్వాత. రీల్స్ మధ్య ప్రకటన చూసి వచ్చినవాళ్లు చాలా కొద్దిమంది. ఏజెన్సీ కాగితంలో అన్నేసి లీడ్లు చూపిన ప్రకటనలు అవే.

ఆ లెక్క చూశాక సోషల్ మీడియా ప్రకటనలను డాక్టర్ గారే ఆపేశారు. గూగుల్ వెతుకులాట ప్రకటన ఒక్కటి ఉంచాం, అదీ 'కర్నూలు నరాల డాక్టరు' లాంటి మాటలకే, జబ్బు పేర్లకు కాదు. ఆ ప్రకటన మనిషి అప్పుడు టైపు చేసిన మాటను బట్టి వస్తుంది, దానికి మనిషి వెంటపడే అవసరం లేదు. నొక్కినవాళ్లకు ఒక్కో గుర్తు తగిలించే ఆటో ట్యాగింగ్‌ను ఖాతాలో ఆపేశాం. ఎంతమంది నొక్కారో గూగుల్ లెక్క చెబుతుంది, చాలు. మొదటి నెల ఫారాలు తగ్గాయి, ఓపీ రిజిస్టరు తగ్గలేదు. మిగిలిన డబ్బులో కొంత పెట్టి, డాక్టర్ గారు ఫిట్స్ మాత్రలు ఆపొద్దని చెప్పే కరపత్రం తెలుగులో, కన్నడంలో అచ్చు వేయించారు.

ఆ ఇంటి ఫోన్‌కు

కొడుకు ఖాతాలో బయటి సైట్లు పంపిన సమాచారాన్ని చెరిపేసి, ఇకముందు జత చేయొద్దనే ఎంపిక పెట్టించాను. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో గూగుల్, ఆపైన యాడ్స్ లోకి పోయి ప్రకటనల కోసం ఫోన్‌కు ఇచ్చే గుర్తు, అడ్వర్టైజింగ్ ఐడీని తొలగించాం. మై యాడ్ సెంటర్‌లో వ్యక్తిగత ప్రకటనలు ఆపాం. పొడి అమ్మే ప్రకటనలు వచ్చినప్పుడల్లా దాచి, తప్పుదోవ పట్టించేదిగా రిపోర్టు చేయడం అతనికి నేర్పాను. కొన్ని వారాలకు అవి దాదాపు ఆగాయి. ఈ పనులు తెలిసినవాడు పక్కన కూర్చుంటే అరగంటలో అవుతాయి, తెలియనివాళ్లకు ఎన్నటికీ కావు. అందుకే బాధ్యతను వాడుకరి నెత్తిన పెట్టే ఏ పరిష్కారాన్నీ నేను పూర్తి పరిష్కారం అనుకోను.

ఈ కేసు తర్వాత మార్చుకున్న పద్ధతి

ఇప్పుడు ఏ ఆసుపత్రి సైట్ చూడమన్నా, మొదట 'ఏం పోతోంది' అని కాకుండా 'ఇది ఎవరి తెర మీద తేలుతుంది' అని అడుగుతున్నాను. సమాచారం ఒక పెద్ద సంస్థ సర్వర్‌లో ఉందంటే మన వాళ్లు పెద్దగా పట్టించుకోరు, "నాతో వాళ్లకేం పని" అంటారు. అది పక్కింటివాళ్ల కళ్ల ముందు తేలినప్పుడే నష్టం తెలుస్తుంది. అప్పటికి చేయగలిగేది తక్కువ.

ఆసుపత్రులను రెండోది అడుగుతున్నాను: ప్రకటనల ఖాతా ఎవరి పేరుమీద ఉంది? తాళం ఏజెన్సీ దగ్గరుంటే, మిగతా తనిఖీ ఎంత చేసినా రోగుల జాబితా లాంటివి కనబడవు. ఈ కేసులో ఖాతా అడిగి ఉండకపోతే ఆ జాబితా ఇప్పటికీ అక్కడే ఉండేది.

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల విషయంలో ఇంకా గట్టిగా ఉంటున్నాను. వాళ్లను వెంబడించడం, వాళ్ల ప్రవర్తనను గమనించడం, వాళ్లకు గురిపెట్టిన ప్రకటనలు చూపడం కూడదని కొత్త చట్టం తొమ్మిదో సెక్షన్ అంటోంది. పిల్లల డాక్టర్ల సైట్లే కాదు, కోచింగ్ సెంటర్ల సైట్లు కూడా దీని కిందికి వస్తాయి. అక్కడ ఫారం నింపేది చాలాసార్లు పదో తరగతి పిల్లలే.

ఈ క్లినిక్‌లో ఒక పని ఇంకా మిగిలి ఉంది. ఈఈజీ రిపోర్టులను వాట్సాప్‌లో పంపడం మానలేకపోతున్నారు, దూరం ఊర్ల వాళ్లకు అదే సౌకర్యం. ప్రస్తుతానికి రిసెప్షన్‌లో నంబరు తీసుకునేటప్పుడు ఇంకో ప్రశ్న చేర్చాం: "ఈ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది?" రోగిని పక్కకు పిలిచి, ఆ మనిషినే అడుగుతారు. ఆ నంబరు వద్దంటే, రిపోర్టును కవరులో పెట్టి చేతికిస్తారు.